జ్వరం దిగిన రోజు

2024 వానాకాలం. విశాఖపట్నం సీతమ్మధారలో ఒక పిల్లల ఆసుపత్రిలో నేను వార్డు నర్సుని. డెంగ్యూ కేసులతో మంచాలన్నీ నిండిపోయాయి. ఆ ఏడాదే మా వార్డుకి ఒక ఏఐ సాఫ్ట్‌వేర్ వచ్చింది. పిల్లల నాడి, శ్వాస, బీపీ అంకెల్ని ఎప్పటికప్పుడు గమనిస్తూ, ఎవరి పరిస్థితి దిగజారబోతోందో ముందే హెచ్చరిస్తుంది. దాన్ని ఎర్లీ వార్నింగ్ అలర్ట్ అంటాం. వేలికి పెట్టిన సెన్సర్ కాస్త జారినా మోగేది. అందుకని మాలో చాలామందికి అదంటే విసుగు.

హాసినికి ఆరేళ్లు. వాళ్లది పద్మనాభం దగ్గర పల్లె. తండ్రి అప్పలనాయుడు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పనికి వెళ్తాడు. ఆ ఉదయం పాపకి జ్వరం పూర్తిగా దిగింది. సాయంత్రం ఇంటికి పంపేస్తామన్నారు డాక్టర్ శైలజ. తండ్రి కొత్త గౌను కొనుక్కొచ్చాడు. తల్లి పాపకి తల దువ్వుతుండగా అలర్ట్ మోగింది.

వెళ్లి చూస్తే సెన్సర్ సరిగ్గానే ఉంది. తెర మీద పల్స్ ప్రెషర్ తగ్గుతోందని వచ్చింది. అంటే బీపీలో పై అంకెకీ కింది అంకెకీ మధ్య ఉండే తేడా. ఏ రీడింగూ విడిగా చూస్తే భయపడేలా లేదు. వరసగా చూస్తే మాత్రం తేడా తరిగిపోతోంది. పాప పాదాలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడం ఆలస్యమైంది. డాక్టర్‌కి ఫోన్ చేసి, రక్తం తీయడానికి సిద్ధమయ్యాను.

అప్పలనాయుడు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"జొరం తగ్గిపోనాది కదా సిస్టరూ! మల్లీ సూదేటి? కంప్యూటర్ సెప్పిందని పిల్లని పొడిసేత్తారా?"

"కంప్యూటర్ మాట పక్కన పెట్టండి. పాప కాళ్లు మీరే పట్టుకుని చూడండి," అన్నాను.

పట్టుకున్నాడు. పక్కకి జరిగి దారిచ్చాడు.

డాక్టర్ వచ్చేసరికి పాప మగతలోకి జారుతోంది. డెంగ్యూలో కొందరు పిల్లలకి జ్వరం తగ్గే సమయంలోనే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి, రక్తప్రసరణ పడిపోతుంది. దాన్నే షాక్ అంటారు. సెలైన్ ఎక్కిస్తూనే ఐసీయూకి తరలించాం. గాజు తలుపు బయట తండ్రి ఆ గౌను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరు తలుపు తీసినా లేచి నిలబడేవాడు.

పాప కోలుకుంది. తిరిగి వార్డుకి తెచ్చిన రోజు అతను డాక్టర్‌ని అడిగాడు.

"ఆ మిసను మోగకపోతే ఏటయ్యేది మేడమ్?"

డాక్టర్ శైలజ మాట దాటెయ్యలేదు. "సాయంత్రం నేనే మిమ్మల్ని పంపేసేదాన్ని. మళ్లీ తీసుకొచ్చేసరికి ఆలస్యమైపోయేదేమో."

అతను పాప దుప్పటి సర్దాడు. "నాను సూది వద్దన్నాను. మీరు ఇంటికి పంపేద్దావనుకున్నారు. మనిద్దరం పిల్ల మంచికే కదా మేడమ్ అనుకున్నాం!"

బిడ్డ మంచి కోరుకున్నంత మాత్రాన ప్రమాదం కంటికి కనబడదని నాకు అర్థమైంది అప్పుడే. కొత్తగా చేరే నర్సులకి ఇప్పుడు ఒకటే చెబుతాను: అలర్ట్ మోగితే, దాన్ని ఆపే ముందు బిడ్డని ముట్టుకుని చూడండి.