గుంజ మీద రెండు గీతలు

మనుషులు వంతులవారీగా పెద్దవాళ్లవుతారని ఎనిమిదేళ్ల వయసులో నేను గట్టిగా నమ్మాను. చిన్నవాళ్లం మేం పెరుగుతాం, పెరిగినవాళ్లు మెల్లగా తరుగుతారు, ఒకనాటికి వాళ్లే మా ఒళ్లోకి వస్తారు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మా అవ్వను చూసి నేనే కనిపెట్టాను. కాదన్న పిల్లలతో కొట్లాటకు కూడా దిగేదాన్ని.

అవ్వ అంటే మా బాపు తల్లి, నాయనమ్మ. ఆమె పళ్లు ఎప్పుడో ఊడిపోయాయి. జొన్నరొట్టె పులుసులో నానితే తప్ప తినలేదు. తలంటు పోస్తే అమ్మే పొయ్యాలి, జడ అమ్మే వెయ్యాలి. ఇవన్నీ చిన్నపిల్లలకు చేసే పనులే కదా. పైగా అమ్మ ఒకసారి ఏదో మాటల్లో, "నేను కాపురానికొచ్చిననాడు మీ అవ్వ తల వంచకుంట గీ తలుపు దాటకపోయేది" అన్నది. నేను వెంటనే వెళ్లి ఆ తలుపు దగ్గర నిలబడి చూశాను. ఇప్పుడు అవ్వ నడుము వంగి, కర్ర పట్టుకుని, తలకూ ద్వారబంధానికీ నడుమ మూరెడు జాగా వదిలి వెళ్తోంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

యాభైల చివరి మాట ఇది. చిట్యాలకు రెండు మైళ్ల దూరంలో, పదో పన్నెండో నేతవాళ్ల ఇళ్లున్న ఊరు మాది. మా ఇంట్లో ముప్పావు వంతు మగ్గానిదే. మిగిలిన పావు వంతులో మేం నలుగురం వండుకుని, తిని, పడుకునేవాళ్లం. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవాడు. అవ్వ పక్కన రాట్నం ముందు కూర్చుని మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలోకి కావలసిన నూలు కండెలు చుట్టేది. అమ్మ మాత్రం పొద్దున్నే నాటుకో, కలుపుకో పోయేది. నేత ఒక్కటే నమ్ముకుంటే నలుగురికి పూట గడిచేది కాదు.

పెద్దయ్యాక ఏమవుతావన్న మాట మా వాడలో పిల్లలం రోజూ మాట్లాడుకునేదే. ఒకడు లారీ నడుపుతానన్నాడు. హైదరాబాదు నుంచి బెజవాడ దాకా హారను కొట్టుకుంటూ పోతాడట, మా ఊరి దారి దగ్గర మాత్రం ఆపడట. ఇంకొకడు మంగలి పని నేర్చుకుంటానన్నాడు, ఎంతటి దొరైనా తన ముందు తల వంచాల్సిందే కదా అని. నా జోడు పిల్ల రోజూ వరన్నం తినే ఇంటికి కోడలుగా పోతానన్నది. నా వంతు వచ్చినప్పుడు నేను, "మా అవ్వకు నేను అవ్వనైత" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. లారీ వాడిని గిచ్చి ఇంటికొచ్చాను.

నా దృష్టిలో పెద్దరికం అంటే ఉట్టి అందడం. ఉట్టి మీద బెల్లం కుండ ఉండేది. చెయ్యి చాపి ఆ కుండ దింపగలిగినవాళ్లు పెద్దవాళ్లు, కింద నిలబడి చూసేవాళ్లు చిన్నవాళ్లు. పెద్దయ్యాక కుండ నా చేతిలో ఉంటుంది. అవ్వ మంచిగా ఉంటే బెల్లం పెడతాను, ఏడిస్తే ఇంకో ముక్క పెడతాను. తిట్టను. నన్ను తిట్టినట్టు మాత్రం అసలు తిట్టను. ఒకరోజు రాట్నం పక్కన కూర్చుని ఇవన్నీ అవ్వకు చెప్పాను.

"అవ్వా, నువ్వు చిన్నగైనంక నిన్ను బడిల ఏస్త."

"ఏస్తవా? మరి పలక?"

"నా పలక నీకిస్త."

"పంతులు కొడితెనో?"

"నేనొచ్చి కొట్లాడుత."

అవ్వ రాట్నం ఆపింది. పని నడుమ ఆమె రాట్నం ఆపడం అరుదు. "బడిల లోపట ఏముంటదే?" అని అడిగింది.

నల్లబల్ల ఉంటుందని, గోడకు దేశం బొమ్మ ఉంటుందని, మూలకు నీళ్ల కుండ ఉంటుందని చెప్పాను. "నీకు తెల్వదా?" అన్నాను.

"మా అన్న పోతుండె. ఆనికి సద్ది తీస్కపోయి గోడకాడ్నే ఇచ్చి వస్తుంటి. లోపటికి ఎన్నడు పోలే" అని మళ్లీ రాట్నం తిప్పింది. పోనీలే, నేనున్నాను కదా అనుకున్నాను. మాట ఇచ్చేశాను కాబట్టి ఆ సంగతి అయిపోయినట్టే నాకు.

అమాస నాడు నేతవాళ్లు మగ్గం మీదా రాట్నం మీదా చెయ్యి వెయ్యరు. నెలకు ఆ ఒక్కరోజే బాపు గుంటలోంచి బయటికొచ్చి మాతో తీరిగ్గా కూర్చునేవాడు. ఎత్తు కొలిచే ఆట ఆ అమాసల్లోనే మొదలయింది. ఇంటి నడుమ దూలాన్ని మోసే గుంజ ఉండేది, పొగ పట్టి నల్లగా. నన్ను దానికి ఆనించి నిలబెట్టి, నాడెను నా తల మీద అడ్డంగా పెట్టి, దాని కొన తగిలిన చోట అవ్వ ఆకువక్క సంచిలోని సున్నంతో బాపు గీత గీసేవాడు. ఆ తర్వాత అవ్వ వంతు. ఆమె కర్ర పక్కన పెట్టి, ఎట్లా వంగి ఉందో అట్లాగే వచ్చి నిలబడేది.

నా గీత పక్కన నేను పుల్లతో సున్నం అద్ది 'నేను' అని రాశాను. అవ్వ గీత పక్కన 'అవ్వ' అని రాశాను. అవ్వ దగ్గరికి వచ్చి, ముఖం గుంజకు ఆనించినంత పని చేసి చూసింది. "గిది నేనా?" అని అక్షరాల మీద వేలు పెట్టింది. అప్పటి నుంచి ఏ కాగితం కనబడ్డా, సంతలో పొట్లం కట్టిన కాగితమైనా సరే, "గిండ్ల నేనున్ననా?" అని అడిగేది. లేవంటే చిన్నబోయేది. ఉన్నావు అని ఒకసారి అబద్ధం చెప్పాను.

రెండేళ్లలో గీతలు దగ్గరికొచ్చాయి. నాది ఎక్కుతూ వచ్చింది, ఆమెది దిగుతూ వచ్చింది. నేను అయిదో తరగతి పరీక్ష రాసే నాటికి రెండింటికీ నడుమ వేలి వెడల్పు మిగిలింది.

అదే ఏడాది అవ్వ చూపు బాగా మందగించింది. రాట్నం మీద పోగు తెగితే కొస దొరికేది కాదు. దొరకక వదిలేసిన పోగు కండెలోనే దాగి, తీరా బాపు నేస్తున్నప్పుడు బయటపడేది. నాడె సగంలో ఆగిపోయేది. బాపు నాడె తీసి, కండె తీసి, పోగు వెతికి అతికి, మళ్లీ పెట్టేవాడు. రోజుకు అట్లా ఎన్నిసార్లో. మా ఊళ్లో బడి అయిదుతో ఆగిపోతుంది. ఆరు చదవాలంటే చిట్యాల పెద్దబడికి నడవాలి. ఇంట్లో కండెలు చుట్టే చేతులు కావాలి. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలిసింది గీతల సంగతి ఒక్కటే.

బాపుకు కష్టమైన మాట సూటిగా చెప్పడం రాదు. ఆ మాటను ఆటలో పెట్టి చెప్పేవాడు. ఎండాకాలంలో ఒకరోజు నేస్తూనే, నా వైపు చూడకుండా, "వచ్చే అమాసకు నీ గీత మీదికొస్తె ఇగ రాట్నం నీదే బిడ్డా" అన్నాడు.

"మరి బడి?"

"పెద్దోళ్లు బడికి పోరు గద. నువ్వే అంటివి."

అవును, నేనే అన్నాను. నా లెక్క ప్రకారం ఇది సబబే. చిన్నవాళ్లు బడికి పోతారు, పెద్దవాళ్లు పని చేస్తారు, నేను పెద్దదాన్నవుతున్నాను. ఎగిరి గంతేశాను. బడి అంటే నాకు ప్రాణమే, లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరు, అయినా అంతకన్నా గెలుపు ముద్దు. ఆ నెలంతా వాడలో తిరిగి, మా ఇంట్లో ఇక పెద్దదాన్ని నేనేనని చెప్పుకున్నాను. లారీ వాడు కూడా ఈసారి నవ్వలేదు. పలక తుడిచి, అవ్వ పెట్టె మీద పెట్టాను. అవ్వ ఆ పలకను చూసింది, నన్ను చూసింది.

అమాస వచ్చింది. పొద్దున్నే స్నానాలయ్యాక బాపు నాడె తీసుకుని గుంజ దగ్గర నిలబడ్డాడు. ముందు నేను. గీత పడింది. వెనక్కి తిరిగి చూస్తే పోయిన నెల అవ్వ గీత కన్నా కొంచెం పైనే ఉంది. చప్పట్లు కొట్టాను. బాపు నవ్వలేదు. ఆ ముఖం గెలిచిన కూతురిని చూసే ముఖం కాదని నాకు ఎక్కడ తట్టింది!

అవ్వ వచ్చింది. కర్ర అమ్మ చేతికిచ్చింది. మడమలు గుంజకు ఆనించింది. రెండు చేతులూ వెనక్కి పెట్టి గుంజను గట్టిగా పట్టుకుంది. పట్టుకుని లేవడం మొదలుపెట్టింది. ముందు నడుము గుంజకు తగిలింది. తర్వాత వీపు. ఎక్కడో ఎముక టక్కుమన్నది, అది అందరికీ వినబడింది. కళ్లు గట్టిగా మూసుకుంది, పళ్లు లేని దవడలు బిగబట్టింది, ఇంకా లేచింది. నా ఎదురుగా, నేను ఎన్నడూ చూడని ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉంది. బాపు చేతిలోని నాడె ఆమె తలతో పాటు గుంజ మీద పైకి జరుగుతూ పోయింది.

"అవ్వా, సాలు" అన్నాడు బాపు. ఆయన కూడా తల్లిని అవ్వా అనే పిలిచేవాడు.

"గీత పెట్టు."

"సాలంటున్న గద."

"పెట్టు కొడుకా."

బాపు గీత పెట్టాడు. అది నా గీతకు జానెడు పైన పడింది. అవ్వ అప్పుడు కళ్లు తెరిచి, "సూసినవా? అది ఇంక పిల్లనే. పిల్లలు ఏడికి పోతరు? బడికి పోతరు. రాట్నం నేనే తిప్పుత, పోగులు చేతితోని దేవులాడుకుంట" అన్నది. అని అక్కడే కూలబడింది. అమ్మ పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. బాపు సున్నం వేలు పంచెకు తుడుచుకుంటూ ఆ గీతనే చూశాడు. "సరే" అన్నాడు చివరికి.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "తొండి! అవ్వ తొండి చేసింది!" అని ఊరంతా వినబడేటట్టు అరిచాను. ఇన్నాళ్లూ వంగి నిలబడి, నేను గెలిచే రోజున నిటారుగా లేస్తుందా! ఆమె గీతను అరచేత్తో చెరిపేశాను. అవ్వ మూడు రోజులు మంచం దిగలేదు. అమ్మ ఉప్పు వేడి చేసి, గుడ్డలో కట్టి వీపుకు కాపడం పెట్టింది. ఆ మూడు రోజులూ నేను మంచం వైపు పోలేదు. తొండి చేసినందుకు మంచిగయింది అనుకున్నాను.

బళ్లు తెరిచాక చిట్యాల బడిలో ఆరో తరగతిలో చేరాను. అవ్వ నిజంగానే పోగులు చేతితో వెతుక్కుంది. తెగిన కొస దొరక్కపోతే కండెను పెదవులకు ఆనించి వెతికేది. మరుసటి ఏడు మళ్లీ అదే కాలానికి, ఎవరూ అడగకుండానే, గుంజ దగ్గరికొచ్చి అట్లాగే నిటారుగా లేచింది. ఆ ఏటికి ఆమె తన నడుముతో నా చదువును కొన్నదన్న ఊహ నాకు లీలగా వచ్చింది. వచ్చినా నోరు తెరిచి ఒక మంచి మాట చెప్పలేదు. మూడో ఏడు బాపు నాడె తీయనే లేదు. నేను చదువుతానన్నది ఇంట్లో అలవాటైపోయింది.

ఆ మూడో ఏడే ఒక అమాస నాడు పెద్దబడి నుంచి నాతో చదివే ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికొచ్చారు. మంచి పూల చీటి గుడ్డ లంగాలు కట్టుకున్న పిల్లలు. వాళ్ల ముందు మా ఇల్లు, మగ్గం, ఉట్టి అన్నీ నాకు ఒక్కసారిగా చిన్నవిగా కనబడుతున్నాయి. అప్పుడే అవ్వ చేతులతో తడుముకుంటూ గుంజ దగ్గరికెళ్లి నిలబడింది. ఈసారి లేవలేకపోయింది. నా భుజం దాకా కూడా లేదు.

"సూడు బిడ్డా" అన్నది నవ్వుతూ. "ఇగ నేను చిన్నగైన. నన్ను బడిల ఎప్పుడేస్తవు?"

ఆ ఇద్దరూ నా ముఖం చూశారు. నాకు పదమూడేళ్లు. ఆ ఆట నాదని వాళ్లకు తెలియకూడదనుకున్నాను. "ఈ వయసులో బడేమిటి అవ్వా, పో" అన్నాను, బడిలో నేర్చిన భాషలో. వాళ్లు కిసుక్కున నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నవ్వి, గుంజ మీద వేలితో తడిమింది, ఎప్పుడో చెరిగిపోయిన తన పేరు ఉన్న చోట.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను. షాద్‌నగర్‌లో ఉద్యోగం. ఏటా బళ్లు తెరిచే రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లల్ని బడిలో వేయించాను, వాళ్ల తండ్రులతో కొట్లాడాను, చాలామందిని గెలిచాను. పెద్దయ్యాక ఏమవుతారని మాత్రం ఏ పిల్లనూ అడగలేదు. నేను ఏమవుతానని చెప్పానో నాకు గుర్తుంది. ఒక పలక, ఒక సుద్దముక్క, రోజుకు కాసేపు. చూపు లేకపోయినా అవ్వ వేలు పట్టి దిద్దిస్తే సరిపోయేది. 'అవ్వ' ఆమెకు ముందే వచ్చు.

అవ్వ గెలిచిన రోజున తొండి, తొండి అని వాడంతా వినబడేటట్టు అరిచాను. నేను మాట తప్పిన రోజున అవ్వ ఒక్క మాట అనలేదు. అమాస అని కూడా చూడకుండా రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టుకుంది.