కెమెరా కింది బెంచీ

మా అపార్ట్‌మెంట్ వరండాలో మొన్న పొద్దున డ్రిల్లింగ్ మిషన్ మోగింది. తలుపు తీసేసరికి గోడలోంచి రాలిన సిమెంటు పొడి, వేడెక్కిన ఇటుక వాసన కలిసి ముక్కుకు తగిలాయి. నిచ్చెన మీదున్న మనిషి లిఫ్టు పక్కన కెమెరా బిగిస్తున్నాడు. “అంతా మన సేఫ్టీ కోసమే సార్” అన్నాడు, నేనేమీ అడగకుండానే. అడగకముందే చెప్పే కారణాన్ని అంత తొందరగా నమ్మకూడదని నాకు నేర్పిన మనిషి ఒకరున్నారు. ఆవిడ పేరు నాగరత్న. స్కూల్లో పిల్లలతోపాటు సాటి టీచర్లం మేమూ నాగరత్న మిస్ అనే పిలిచేవాళ్ళం. పాలవాడు నవ్వినా ఎందుకు నవ్వాడా అని ఆరా తీసే మనిషిగా నేను తయారైంది ఆవిడ చలవేనని నా భార్య దెప్పుతుంటుంది. ఆవిడను తను ఎన్నడూ చూడలేదు. చూసి ఉంటే నన్ను ఇంకాస్త క్షమించేది.

తొంభైల చివర్లో బీఎడ్ పట్టా పట్టుకుని కదిరి నుంచి బెంగళూరు వచ్చి, సర్జాపుర రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. అప్పటికింకా స్కూలు ప్రహరీ అవతల రాగి చేలే. నాగరత్న మిస్ లెక్కలు చెప్పేవారు. ఆనేకల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. యాభైకి దగ్గరపడ్డ పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, భుజానికి రెగ్జిన్ సంచి. వాళ్ళది తరాల కిందటే అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. మాటలో తెలుగెంతో కన్నడమెంతో ఆవిడకే తెలియదు. మా ఇద్దరి క్లాసుల మధ్య గోడ లేదు, ప్లైవుడ్ పలకల అడ్డు మాత్రం ఉండేది.

చేరిన కొత్తలో ఒకరోజు పాఠం ముగించి “అర్థమైందా?” అని అడిగాను. క్లాసంతా ఒక్క గొంతుతో “యెస్ సార్” అంది. నేను పొంగిపోయాను. గంట కొట్టాక నాగరత్న మిస్ లోపలికి వచ్చారు.

“ఏమప్పా, అందరూ ఒకే తూరి అవునన్నారే, నీకు అనుమానం రాలేదా?”

“ఎందుకు మిస్?”

“అట్ల అరిచినారంటే యాడో తేడా ఉండాది. తెలిసినోళ్ళు గట్టిగా అరుస్తారు. తెలీనోళ్ళు వాళ్ళ గొంతు చాటున దాక్కుంటారు. రేపు నోళ్ళు చూడు, చెవితో వినొద్దు.”

మర్నాడు చూశాను. మూడో వరసలో ఒక పిల్లవాడు పెదవులు మాత్రం కదిపాడు. ఆ పక్కన ఇంకొకడు. అన్నం మానేసి కూర్చోవాలనిపించింది. ఇన్నాళ్ళూ నేను పాఠం చెప్పింది ఎవరికి?

దాక్కున్నవాళ్ళను పట్టుకోవడం అంత కష్టం కాదు. పట్టుకున్నట్టు ఎవరికీ తెలియనివ్వకపోవడంలో ఉంది ఆవిడ పనితనమంతా. మిగతా క్లాసుకు బోర్డు మీద లెక్కలిచ్చి, ఆ పిల్లల పక్కన బెంచీలో ఇరుక్కుని కూర్చునేవారు. సంచిలోంచి పాత బస్సు టికెట్లు తీసేవారు. పది టికెట్లకొక రబ్బరు బ్యాండు. నలభై మూడులోంచి పద్దెనిమిది తీసెయ్యాలంటే ఒక కట్ట విప్పాలి. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోమని మేం నోటితో చెప్పి వదిలేసేదాన్ని పిల్లలు తమ వేళ్ళతో విప్పి చూసేవారు. అంతసేపూ మిస్ గొంతు నా క్లాసులోకి వినిపించేది కాదు, అంత మెల్లగా మాట్లాడేవారు. ఎందుకంత రహస్యం అని ఒకసారి అడిగాను. “తెలీనిది తెలుసుకునేదానికి కొంచెం చాటు కావాలప్పా,” అన్నారు. “నలుగురూ చూస్తా ఉంటే ఎవరైనా తెలిసినట్టే నటిస్తారు. నువ్వైనా అంతే, నేనైనా అంతే.”

రెండువేలు దాటాక రాగి చేలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. స్కూల్లో పిల్లల సంఖ్య పెరిగింది. స్కూలు యజమానిని మేం కరస్పాండెంట్ సారు అనేవాళ్ళం. ఆయన ఒక వేసవి సెలవుల్లో ప్రతి క్లాసులోనూ కెమెరా పెట్టించారు. స్కూలు తెరిచిన రోజు మీటింగులో “ఇది మీ మీద నిఘా కాదు, ఓన్లీ పిల్లల సేఫ్టీ” అన్నారు. నాగరత్న మిస్ నా వైపు వంగి, “మనమేమీ అడగలేదే అప్పా” అన్నారు.

ఆ కెమెరాలతో మాకు మొదట పట్టిన తెగులు అనుమానం. వాటికి మాటలు వినపడతాయో లేదో తేలక చాలా రోజులు గొణుక్కుంటూ బతికాం. మొదటి వారం టీచర్లంతా పెళ్ళికొచ్చినట్టు మంచి చీరలు కట్టుకొచ్చారు. ఆ తర్వాత అందరం కూర్చోవడం మానేశాం. కుర్చీలో కూర్చుంటే ఖాళీగా ఉన్నామనుకుంటారని భయం. బోర్డు మీద రాస్తుంటే పని చేస్తున్నట్టు కనిపిస్తుంది కనుక అక్కర్లేనివీ రాసేవాళ్ళం. నేనైతే కప్ప బొమ్మ తుడిచి మళ్ళీ కప్పనే వేసిన రోజులున్నాయి. ఏడ్చే పిల్లను దగ్గరికి తీసుకోవడానికి చెయ్యి వెనకాడేది. శబ్దం లేకుండా పైనుంచి చూసేవాళ్ళకు అది ఓదార్పులా కనిపిస్తుందో, దెబ్బలా కనిపిస్తుందో ఎవరు చెప్పొచ్చారు? దొంగతనం చెయ్యనివాడి జేబులు రోజూ తడిమినట్టుండేది నాకు. ఒళ్ళు మండేది. కానీ పైకి కప్ప బొమ్మ వేస్తూనే ఉండేవాణ్ణి.

ఒకసారి ల్యాబు సామాను గురించి మాట్లాడటానికి ఆఫీసుకు వెళ్ళి ఆ తెర చూశాను. గళ్ళు గళ్ళుగా క్లాసులన్నీ కనిపిస్తున్నాయి. శబ్దం లేదు. కెమెరా వెనక గోడ పైభాగాన ఉంది కనుక బోర్డూ బల్లా ముందు వరసలూ స్పష్టంగా ఉన్నాయి. సరిగ్గా కెమెరా కింద ఉన్న చివరి బెంచీ మాత్రం తెరమీదికి రాలేదు. వచ్చి నాగరత్న మిస్‌కు చెప్పాను.

“అయితే కన్ను ఉండాది, చెవి లేదు,” అన్నారావిడ. “దీపం కింద చీకటే కదప్పా. మంచిదే.”

మర్నాటినుంచి వెనకబడ్డ పిల్లలను చివరి బెంచీకి మార్చారు. ఆ ఏడు ఆరో తరగతిలో ఆ బెంచీ మీద మంజుల ఉండేది. తండ్రి టైల్స్ పరిచే పనివాడు, అనంతపురం వైపు నుంచి వచ్చినవాడు. అపార్ట్‌మెంట్ల పని దొరికాక ఆశపడి కూతుర్ని ఇంగ్లీషు మీడియంలో వేశాడు. పిల్లకు తీసివేతలే సరిగ్గా రావు. మా స్కూల్లో పైకి ఎవరూ చెప్పుకోని పద్ధతి ఒకటుండేది. పదో తరగతి ఫలితాలు చెడకూడదని, చదువు రాని పిల్లల పేర్లు కరస్పాండెంట్ సారు చెవిన పడితే చాలు, ఏడాది చివర తల్లిదండ్రులను పిలిచి టీసీ చేతిలో పెట్టి పంపించేసేవారు. మంజులకు కావలసింది ఒక్క ఏడాది చాటు. మిస్ ఆ చాటును కెమెరా కిందే వెతుక్కున్నారు. పిల్లను దాచే తొందరలో తననూ దాచేసుకుంటున్న సంగతి ఆవిడకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం మా ఇద్దరినీ ఆఫీసుకు పిలిచారు. తెరమీద ఆరో తరగతి రికార్డింగు. పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. కుర్చీ ఖాళీ. బోర్డు దగ్గర ఎవరూ లేరు. కరస్పాండెంట్ సారు దాన్ని ముందుకు జరిపారు. ఇంకా ఎవరూ లేరు.

“హాఫ్ పీరియడ్ మీరు క్లాసులో లేరు మిస్. ఒక్కరోజు కాదు, వీక్ అంతా చూశాను. ఎక్కడికి వెళ్తున్నారు?”

“క్లాసులోనే ఉన్నాను సార్.”

“మరి కనపడరే?”

ఆయన నా వైపు తిరిగారు. “మీది పక్క క్లాసే కదా. ఈవిడ వాయిస్ మీకు వినపడుతోందా, లేదా?”

“వినపడదు సార్,” అన్నాను. “మిస్ పిల్లల పక్కన కూర్చుని చెప్పేటప్పుడు ఎప్పుడూ వినపడదు. కానీ మిస్ లేకపోతే ఆ క్లాసు గోల వీధి దాకా వస్తుంది. చూడండి, ఒక్కరైనా తలెత్తారా?”

“ఓహో. ఎవరి పక్కన కూర్చుంటారు?” ఆయన చెయ్యి బెల్లు మీదికి వెళ్ళింది. “ఆ పిల్లల్నే పిలుద్దాం. మీరు వాళ్ళకేం చెప్తున్నారో, స్పెషల్‌గా ఎందుకు చెప్పాల్సొస్తోందో వాళ్ళే చెప్తారు.”

పిలిస్తే వచ్చేది మంజుల. వచ్చి, తనకు తీసివేతలు రావని ఆయన ముందే చెప్పాలి. మిస్ నావైపు చూడనైనా చూడలేదు.

“పిలవొద్దు సార్,” అన్నారు. “నేను క్లాసులో లేను.”

“ఇప్పుడేగా ఉన్నానన్నారు?”

“అబద్ధం చెప్పినాను. కాళ్ళు నొస్తా ఉంటే పోయి స్టోరు రూములో కూర్చుంటా ఉండాను. ఈ సారుకు ఏమీ తెలీదు. సుమ్నే, ఊరికే నా మీద అభిమానంతో మాట్లాడుతుండాడు.”

నేను నోరు తెరవబోతే ఆవిడ చెయ్యి కొద్దిగా ఎత్తారు, క్లాసులో గలాటా చేసే పిల్లవాణ్ణి ఆపినట్టు. ఆగిపోయాను. కరస్పాండెంట్ సారు వెనక్కి వాలి కూర్చున్నారు. అన్నిటినీ అనుమానించే ఆ మనిషి, ఆవిడ ఆడిన ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం అనుమానించలేదు. ఏడాది ముగిశాక మీరే మానేయండి, నేను ఎవరికీ చెప్పను అన్నారు. మర్నాటికల్లా స్టాఫ్‌రూములో అందరికీ తెలిసింది.

ఆ సాయంత్రం ఆవిడతోపాటు బస్సు స్టాపు దాకా నడిచాను. ఇన్నేళ్ళు చెప్పి, చివరికి క్లాసు ఎగ్గొట్టే టీచరన్న పేరుతో వెళ్ళిపోతారా అని అడిగాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

“పేరు నాది. పోతే నాదే పోతాది. ఆ పాపకి టీసీ ఇస్తే వాళ్ళ నాయన ఇంక బడికే పంపడు.” సంచి ఇంకో భుజానికి మార్చుకున్నారు. “నాకు బాధ లేదనుకోవద్దప్పా. కడుపు రగిలిపోతా ఉండాది. అయినా ఆ పాపకి ఈ సంగతి ఎప్పుడూ తెలీకూడదు. తెలిస్తే జీవితమంతా నాకు బాకీపడినట్టు తిరుగుతాది.”

ఆ తర్వాత స్టాఫ్‌రూము నన్ను వెలివేసినంత పని చేసింది. ఆఫీసులో తెర చూసొచ్చినవాణ్ణి నేనే, మిస్‌తోపాటు లోపలికి వెళ్ళినవాణ్ణీ నేనే. చాడీ మోసింది ఎవరో వాళ్ళు తేల్చేసుకున్నారు. టీ తీసుకుని వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఒకరోజు ఉండబట్టలేక నాగరత్న మిస్‌నే అడిగాను, మీరు కూడా నన్ను అనుమానించారా అని.

“అనుమానించినాను,” అన్నారు, కళ్ళలోకి చూస్తూ. “ఆఫీసులో అడుగు పెట్టేదాకా.”

“తర్వాత?”

“నువ్వు చెప్పుంటే నేను యాడ కూర్చుంటానో ఆయప్పకి తెలిసుండాల కదా. యాడికి పోతుండావని నన్నెందుకు అడుగుతాడు?” అని, నా మొహం చూసి కాస్త మెత్తబడ్డారు. “అనుమానం వస్తే రానీ అప్పా, తప్పులేదు. దాన్ని సగంలో వదిలేసి తీర్పు చెప్పొద్దు, అంతే.”

అనుమానించారన్నందుకు మనసు నొచ్చుకుంది. కానీ ఊరికే “లేదప్పా” అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఆ తర్వాత నేను ఇంకో స్కూలుకు మారి, చాలా ఏళ్ళకు హెడ్‌మాస్టరునయ్యాను. ఏ టీచరు మీద ఏ ఫిర్యాదు వచ్చినా ముందు లేచి వెళ్ళి, ఆ క్లాసులో చివరి బెంచీ మీద కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి. కూర్చోకుండా సంతకం పెట్టిన కాగితం ఒక్కటీ లేదని ధైర్యంగా చెప్పగలను.

ఆ ఏడు మిగిలిన నెలలూ మిస్ కెమెరాకు కనిపించేలా బోర్డు దగ్గరే నిలబడ్డారు. మంజులకు మాత్రం సాయంత్రాలు స్టాపులో బస్సు వచ్చేదాకా చెప్పేవారు. ఒక్కోసారి రెండు మూడు బస్సులు వదిలేసుకునేవారు. పిల్ల ఏడో తరగతికి వెళ్ళింది. మిస్ వేసవిలో మానేశారు. వీడ్కోలు సభ పెట్టలేదు, పూలదండ వెయ్యలేదు. కొన్నేళ్ళకు ఆనేకల్‌లోనే పోయారు. నాకు ఆలస్యంగా తెలిసింది. పాత సహోద్యోగులు కలిసినప్పుడు ఇప్పటికీ అంటారు, నాగరత్న మిస్ మంచావిడే గానీ క్లాసులో ఉండేవారు కాదట అని. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఏడుపొస్తుంది.

రెండేళ్ళ కిందట పన్ను నొప్పితో వర్తూరులో ఒక పళ్ళ ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు పక్కన పనిచేసే అమ్మాయి నా నోట్లో దూది పెడుతూ, “సార్, నేను మంజులను” అంది. డాక్టరు పక్క గదిలోకి వెళ్ళాక కొంచెం వంగి అడిగింది.

“నాగరత్న మిస్ ఎందుకు మానేశారు సార్? క్లాసులో ఉండేవారు కాదని తీసేశారన్నారు. మిస్ నా పక్కనే కదా ఉండేవారు. నా వల్ల ఏమైనా అయ్యిందా?”

నోట్లో దూది ఉండటం ఆ క్షణానికి దేవుడు చేసిన మేలు. కానీ అది తీశాక కూడా ఆ అమ్మాయి అక్కడే నిలబడింది. నిజం గొంతుదాకా వచ్చింది. “రెండు బస్సులు మారి రాలేక మానేశారమ్మా” అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. తల ఊపి, పనిముట్లు సర్దుకుంది.

ఇది రాయాలా వద్దా అని చాలాకాలం తేల్చుకోలేకపోయాను. రాయకపోతే ఆవిడ మీది మచ్చ అలాగే ఉండిపోతుంది, రాస్తే ఆ అమ్మాయికి తెలిసిపోతుంది. అందుకే మార్చగలిగినవన్నీ మార్చాను. ఆ అమ్మాయి పేరు మంజుల కాదు. తరగతి ఆరు కాదు. తండ్రిది టైల్స్ పని కాదు, తను పనిచేసేది పళ్ళ ఆస్పత్రిలోనూ కాదు. తనకు రానిది తీసివేతలే అని కూడా నమ్మకండి. ఆ బెంచీ మీద చాలామంది పిల్లలు కూర్చున్నారు; ఎంత వెతికినా మీకు దొరకదు, ఇది తన కథేనని తనకూ తేలదు. నాగరత్న మిస్ పేరు మాత్రం మార్చలేదు. ఆవిడ ఆ క్లాసులోనే ఉన్నారు.