వెనక సీటులో చల్లదనం

ఈ మధ్య గిన్నెలు తోమే సబ్బులో నురగ తగ్గింది. డబ్బా మీద నిమ్మకాయ బొమ్మ మాత్రం ఏటేటా పెద్దదవుతోంది. ఇంట్లో ఈ సంగతి ఎత్తితే, తగ్గింది నురగ కాదని, రుద్దే చేతిలో శ్రద్ధ అని తీర్పు వచ్చింది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు కనుక నిన్న కూడా సింకు ముందు నిలబడి మూకుడు రుద్దుతున్నాను. వేళ్ల సందులోంచి చిన్న బుడగ ఒకటి లేచి, నిదానంగా ఉబ్బి, ఒంటి మీద రంగులు తిప్పుకుని పగిలింది. ఆ నిమ్మ వాసనతోపాటే శంషాబాద్ ఎండ, బానెట్ ఎత్తిన తెల్ల కారు, కొంగు నడుముకు దోపుకుని దాని మీదకు వంగిన అంజమ్మక్క కళ్ల ముందు నిలిచాయి. మూకుడు కాసేపు ఆగింది.

ఎయిర్‌పోర్టు మొదలైన కొత్తలో నేను తెనాలి నుంచి బి.కాం. పట్టా పట్టుకుని అక్కడికి చేరాను. ఒక కార్గో ఆఫీసులో ఉద్యోగం. వచ్చిన పెట్టెలు వచ్చాయని, వెళ్లిన పెట్టెలు వెళ్లాయని రాయాలి. మూడేళ్ల చదువు దానికి సరిగ్గా సరిపోయింది. శంషాబాద్‌లో అంజమ్మక్క ఇంటి మీద గది కిరాయికి తీసుకున్నాను. వాళ్ల చేను ఎయిర్‌పోర్టు కింద పోయింది. వచ్చిన పైకంలో ఇల్లు కట్టగా మిగిలినదానితో పాత కారు ఒకటి కొన్నారు. అక్క భర్త యాదగిరన్న అంతకు ముందు కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీ యజమాని దగ్గర లారీ నడిపేవాడు. యజమాని అన్నను పేరు పెట్టి పిలిచిన రోజులు తక్కువ, వేరే మాటలతో పిలిచిన రోజులు ఎక్కువ. "ఇగ ఇంకొకని బండి తాళం ముట్టేది లేదు" అని ఒక రోజు అక్క నిర్ణయించింది. ఇంట్లో మిగతా నిర్ణయాల్లాగే ఇదీ అన్నకు తర్వాత తెలిసింది. ఎయిర్‌పోర్టు దగ్గరి హోటలొకటి ఆ కారును అతిథుల కోసం నెలవారీ కిరాయికి పెట్టుకుంది. హోటల్ వాళ్ల షరతు ఒకటే: ఏసీ చల్లగా ఉండాలి.

ఆ ఏడు ఎండలు ముదిరాక హోటల్ మేనేజరు ఫోన్ చేశాడు. విమానం దిగి వచ్చిన అతిథి ఒకాయన చెమటతో తడిసిపోయి రిసెప్షన్‌లో గొడవ చేశాడట. ఇంకోసారి ఇలా జరిగితే వేరే కారు చూసుకుంటామని చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పినందుకే అక్కకు ఎక్కువ భయం వేసింది. బండి ఖాళీగా నిలబడితే అన్న మళ్లీ కాటేదాన్ దారి పట్టాలి. ఆమె భర్తను పిలిచి అడిగింది.

"మస్తు చల్లగుంటది," అన్నాడు అన్న. "నాకైతే మోకాళ్లు గుంజుతయ్."

అక్క మధ్యాహ్నం ఎండలో ఆ కారు వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. పాలమాకుల దాకా పోయి రమ్మంది. నేను ముందు సీట్లో ఉన్నాను. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. గాలి ముందున్న రంధ్రాల నుంచి వచ్చి మా ఇద్దరి ముఖాల మీద పడి, అక్కడే స్థిరపడిపోతోంది. తిరిగి వచ్చేసరికి అక్క జాకెట్టు వీపున తడిసి ఉంది.

"మీ ఇద్దరికి సల్లగుంది," అంది దిగుతూ. "పైసలిచ్చెటోడు ఎనకాల ఉడుకుతుండు."

మొదట గగన్‌పహాడ్‌లో రోడ్డు పక్క షెడ్డుకు తీసుకెళ్లాం. అక్కడివాడు బానెట్ ఎత్తి, పైపు తగిలించి, టీ తాగినంత సేపట్లో గ్యాస్ కొట్టి పంపేశాడు. బండి హిమాలయమైంది. నెల తిరక్కుండా మళ్లీ మామూలైంది. ఇంతమాత్రం పని మనం చేసుకోలేమా అనే ఆలోచన ఎవరికి ముందు వచ్చిందో ఇప్పుడు చెప్పలేను. అప్పుడైతే ముగ్గురం మాకే వచ్చిందనుకున్నాం. స్పేర్ పార్టుల దుకాణంలో గ్యాస్ డబ్బా, దానికి తగిలించే పైపు దొరికాయి. డబ్బా మీద రాత అంతా ఇంగ్లీషు. నా డిగ్రీకి ఆ ఇంట్లో అంత గౌరవం మళ్లీ ఎప్పుడూ దక్కలేదు. నేను చదువుతున్నాను, అన్న ఇంజను ఆన్ చేసి ఏసీ పెట్టాడు, అక్క లావు పైపు ఏదో సన్న పైపు ఏదో తడిమి చూసి డబ్బా తగిలించింది. డబ్బా చేతిలో మంచుగడ్డలా బిగుసుకుంది. కారులోపల చలి. ముగ్గురం కారులో కూర్చుని, ఎక్కడికీ వెళ్లకుండా, చాలాసేపు ఆనందించాం. వారం తిరిగేసరికి ఆ ఆనందం కూడా ఆవిరైపోయింది.

ఇంకో డబ్బా తెద్దామన్నాను నేను. ఆ ప్రాంతంలో కారున్న ప్రతివాడూ చేసేది అదే; వేసవి రాగానే గ్యాస్ కొట్టించడం అందరికీ పండగ ముందు సున్నం కొట్టించినంత సహజం. అక్క మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తకుండా అడిగింది.

"పోసిన గ్యాస్ ఏడికి పాయె?"

"అయిపోయిందక్కా. వాడుతున్నాం కదా."

"పెట్రోల్ లెక్క కాలుతదా అది?"

"కాలదనుకుంటానక్కా."

"మా ఇంట్ల ఫ్రిజ్ పెద్దోడు పుట్టినప్పటి సంది నడుస్తుంది. దాంట్ల ఎవడన్న గ్యాస్ పోసిండా?"

నేను అన్న వైపు చూశాను. అన్న ఫ్రిజ్ వైపు చూశాడు. ఫ్రిజ్ యథాప్రకారం గుర్రుమంటోంది. ఆ యంత్రం ముందు రోజూ నిలబడి మంచినీళ్లు తాగే ముగ్గురిలో ఒక్కరికైనా అంతకు ముందు ఈ అనుమానం రాలేదు. అక్కకు కూడా ఏసీల గురించి ఏమీ తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే: తన ఇంట్లో ఒక వస్తువు పోతే, అది ఏ సందున పోయిందో తేలేదాకా ఇంకోటి తేవడం జరగదు. "ఏడికి పోతుందో దొరికినంక పోద్దాం. అప్పటిదాంక ఒక్క బొట్టు పొయ్యొద్దు," అంది. హోటలుకు ఫోన్ చేసి బండి రిపేరులో ఉందని, రెండు రోజులు వేరే బండి చూసుకోమని ఆమే చెప్పింది. ఆ రెండు రోజుల్లో వాళ్లు ఆ వేరే బండికే అలవాటుపడితే? అన్న ఆ మాట పైకి అనలేదు. కాటేదాన్ పాత స్నేహితుడికి మాత్రం పెరట్లోకి వెళ్లి ఫోన్ చేశాడు.

సైకిల్ ట్యూబు పంక్చరు నీళ్లలో ముంచి వెతుకుతారని ముగ్గురికీ తెలుసు. కారును ముంచే బకెట్టు లేదు. అక్క గిన్నెలు తోమే సబ్బు గిన్నెలో కలిపి నురగ తీసింది. పుయ్యడానికి కుంచె కావాలంది. కాసేపటికి చూస్తే ఆమె చేతిలో నా గడ్డం గీసుకునే బ్రష్ ఉంది.

"అక్కా, అది నాది."

"నీకు గడ్డం మల్లొస్తది, తమ్మీ. హోటల్ మల్ల రాదు."

ఇంజను ఆపి, పైపుల పొడవునా, ప్రతి అతుకు మీదా ఆ నురగ పూస్తూ పోయింది. అన్న గొడుగు పట్టాడు, నేను టార్చి పట్టాను. మామూలు నురగ చూస్తుండగానే చచ్చిపోతుంది. కారు ముందున్న జాలీ పక్కన, నూనె జిడ్డుకు దుమ్ము అంటి నల్లబడిన ఒక అతుకు దగ్గర మాత్రం చావలేదు. ఒక బుడగ లేచింది. నిదానంగా ఉబ్బింది. పగిలింది. అదే చోట ఇంకోటి లేచింది. అక్క వేలు పెట్టి చూపించి, చాలా తృప్తిగా, "దొంగ దొరికిండు," అంది.

దొంగ దొరికాడు కదా, మనమే బిగించేద్దామన్నాడు అన్న. డబ్బా అనుభవంతో నాకూ ధైర్యం పెరిగి ఉంది. అక్క ఒప్పుకోలేదు. వెతకడం మన పని, విప్పి బిగించడం పనిముట్లున్నవాడి పని అంది. కాటేదాన్‌లో ఖలీల్ భాయ్ అని కార్ల ఏసీల మెకానిక్ ఉన్నాడు. ఆయన బండి చూసి, ఇంట్లో గ్యాస్ పోసుకున్నామని విని, నవ్వు ఆపుకోలేదు.

"లోపల ఎంతుందో తెల్వదు, ఎంత పోసిన్రో తెల్వదు. గాలి, తేమ అంత లోపల్నే ఉండె. అన్నంల ఉప్పుందో లేదో చూడకుంట ఇంకింత ఏసినట్టు."

"మరి గగన్‌పహాడ్‌ల ఆయన కూడ గట్లనే పోసిండు కద," అంది అక్క. "ఆయనకు షెడ్డుంది, మాకు లేదు. గంతే ఫరక్."

ఖలీల్ భాయ్ నవ్వు కొంచెం తగ్గింది. పని చాలా ఉందని, ఇప్పటికి గ్యాస్ కొట్టి పంపుతానని, ఈ ఎండాకాలం గడిచిపోతుందని అన్నాడు.

"వచ్చే ఎండాకాలం హోటల్‌కు జవాబు చెప్ప నువ్వొస్తవా, భాయ్?"

అక్క స్టూలు లాక్కుని కారు ముందే కూర్చుంది. ఆయనకు వేరే దారి మిగల్లేదు. ఉన్న గ్యాస్ తీసేసి, ఆ అతుకు విప్పి, లోపల ఎండి పగిలిన రబ్బరు రింగు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వేలి గోరంత కూడా లేదు. కొత్తది వేసి, యంత్రంతో లోపలి గాలంతా లాగేశాడు. ఆపై ఆ యంత్రం మీది మీటరు ముల్లు కదలకుండా నిలబడితేనే లీకు లేనట్టు అని చెప్పి, వేరే బండి దగ్గరికి వెళ్లబోయాడు. ఆమె ఆ ముల్లును, పరీక్షలో పిల్లవాణ్ని కనిపెట్టుకుని ఉన్న పంతులమ్మలా, చూపు తిప్పకుండా చూసింది. అది కదలలేదు. కదిలే ధైర్యం చేయలేదని నా అభిప్రాయం. అప్పుడు గ్యాస్‌ను తూకం చూసి నింపారు.

మర్నాడు మధ్యాహ్నం హోటల్ దగ్గర మేనేజరు బయటికి వచ్చాడు. మా బదులు వచ్చిన బండి అప్పటికే గేటు పక్కన తుడిచి మెరిపించి ఉంది. ఆయన అలవాటు ప్రకారం ముందు తలుపు తీయబోయాడు. అక్క వెళ్లి వెనక తలుపు తీసి పట్టుకుంది.

"ముందట కూసుంటే డ్రైవర్‌కు తెలిసినంతే తెలుస్తది, సార్. మీ గెస్ట్ కూసునే కాడ కూసోండ్రి."

"అమ్మా, ఇప్పుడు నాకంత టైం లేదండీ."

"జర ఎయిర్‌పోర్ట్ దాంక పోయి రాండ్రి. సల్లగ లేకుంటే ఆ బండినే పెట్టుకోండ్రి. నేనేమనను."

ఆయన వెళ్లి వచ్చేదాకా అక్క గేటు దగ్గర నిలబడే ఉంది. నీడ రెండడుగుల దూరంలోనే ఉన్నా దానిలోకి వెళ్లలేదు. కారు తిరిగి వచ్చింది. మేనేజరు దిగి, చొక్కా మెడ సర్దుకుని, "సాయంత్రం ఢిల్లీ ఫ్లైటుంది. అన్నను పంపించండి," అన్నాడు. అక్క తల ఊపి, అప్పుడు నీడలోకి నడిచింది. అన్న ఆ రోజంతా ఎవరు అడిగినా అడగకపోయినా, తనకు మొదటి నుంచీ చల్లగానే ఉందని చెబుతూ వచ్చాడు.

తర్వాత నాకు పని నేర్పడానికి పెద్ద పెద్ద అధికారులు చాలామంది వచ్చారు, ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపించినవాళ్లు కూడా. వాళ్లు చెప్పినది గోడల మీదే ఉండిపోయింది. ఏదైనా మళ్లీ మళ్లీ తరిగిపోతుంటే నింపే ముందు ఎటు పోతోందో వెతకడం, "అంతా బాగానే ఉంది" అని ఎవరైనా అంటే వాళ్లు ఏ సీట్లో కూర్చుని అంటున్నారో చూడడం, ఈ రెండూ అంజమ్మక్క దగ్గర నేర్చుకున్నవి. మొదటిది త్వరగా అబ్బింది. రెండోది ఇతరుల విషయంలో వెంటనే అబ్బింది. నా విషయంలో చాలా ఆలస్యమైంది.

2014లో నన్ను కార్గో షెడ్డుకు ఇన్‌చార్జిని చేశారు. మేడ మీద అద్దాల గది, దానికి ఏసీ. కింద రేకుల షెడ్డులో పెట్టెలు దించేవాళ్లు. అప్పటికే అక్క ఇంటి మీది గది ఖాళీ చేసి సిటీకి మారిపోయాను. మిఠాయి డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్తే అన్న మహా సంతోషపడి, "మన తమ్మి ఆఫీసరయ్యిండు," అని వీధి వినేలా అన్నాడు. వాకిట్లో తెల్ల కారు పక్కన ఇంకో కారు చేరింది. అక్క డబ్బా మూత తీసి, ఒకటి నోట్లో వేసుకుని అడిగింది.

"నీ కింద పనిచేసెటోళ్లు రేకుల కిందనేనా?"

"అవునక్కా. కానీ ఇబ్బందేమీ లేదు. ఈ ఎండల్లో కూడా అంతా బాగానే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు."

అక్క నమిలింది మింగి, డబ్బా మూత పెట్టింది.

"నువ్వు ముందు సీట్ల కూసున్నవ్, తమ్మీ."