మా అత్త దవడకు మట్టి ఇచ్చిన రోజు

రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో మా ఖమ్మం వైపు త్రీడీ ప్రింటింగ్ అంటే ఎవరికి తెలుసు? ఇప్పుడైతే టైటానియం పొడినే యంత్రంలో పోసి, పొర మీద పొర కరిగించి, మనిషి కొలతకు ఎముక దింపేస్తున్నారు. అప్పట్లో మాకంత వైభోగం లేదు. స్కాను పంపితే హైదరాబాదులో యంత్రం అచ్చం ఆ మనిషి దవడలాంటిదే ప్లాస్టిక్‌తో చేసి ఇచ్చేది. డాక్టరు దాని మీద టైటానియం పట్టీని వంచి చూసుకుని, ఆ పట్టీని మనిషికి బిగించేవాడు. ఆ దవడలు మోసుకు తిరిగే కంపెనీ ఉద్యోగిని నేను (ఖమ్మం ఎండల్లో టై కట్టుకుని తిరిగేవాణ్ణి, నా తెలివి మీరే ఊహించుకోండి).

నా మొదటి కేసు నేలకొండపల్లి దగ్గరుండే మా మేనత్తే. గడ్డ లేచిందని దవాఖానాలో ఆమె కింది దవడలో ఒక ముక్క తీసేశారు. అప్పటినుంచీ జావే తిండి. తీసిన ఎముకను సమాధుల తోటలో పెట్టుకుంటామని మామయ్య ఎంత బతిమాలినా వాళ్లు ఇవ్వలేదట. ఆ సంగతి నాకు ముందు ఎవరైనా చెప్పి చచ్చారా?

తెల్లారితే ఆపరేషన్. నేను బస్సు దిగి, ప్లాస్టిక్ దవడ ఉన్న డబ్బాను మామయ్య చేతిలో పెట్టి, "జాగ్రత్త మామయ్యా" అని, వాళ్లింట్లోనే కాస్త నడుం వాల్చాను. లేచేసరికి డబ్బా ఖాళీ.

"పాస్టరు అయ్యగారిని పిలిచి, ప్రార్థన చేయించి సమాధుల తోటల మట్టి ఇచ్చినం అల్లుడా. దవాఖానోళ్లు ఇయ్యని ఎముకను నువ్వు తెచ్చినవ్, ఇన్నాళ్లకు నీ చేతుల మీద ఆ పని అయింది" అన్నాడు మామయ్య, కళ్లు తుడుచుకుంటూ.

నా ఒళ్లు మండిపోయింది. "అది ప్లాస్టిక్ మామయ్యా! అది లేకుంటే రేపు పట్టీ ఎట్ల వంచుతరు? పట్నం డాక్టరు మళ్లెప్పుడొస్తడో!"

మామయ్య ముఖం పాలిపోయింది. పక్కనే ఉన్న పాస్టరు గారు మాత్రం ఒప్పుకోలేదు. "ప్రార్థన చేసి పెట్టినం బాబూ. మల్ల తవ్వుడంటే సంఘపోళ్లు ఏమంటరు?" అన్నారు. ఇక సంఘ పెద్దలు కూర్చున్నారు. ఒకాయన ప్లాస్టిక్‌కు ఆత్మ ఉండదంటాడు, ఇంకొకాయన "ఎముకకు మాత్రం ఉంటదా?" అంటాడు. అక్కడ ఆమె ఆపరేషన్ ఆగిపోతుంటే ఇక్కడ వీళ్ల చర్చ! నేను గొంతు చించుకుంటున్నాను. ఎవడు వింటాడు!

లోపలినుంచి అత్త గడ్డపార పట్టుకుని వచ్చింది. ఆమె మాట ముద్దముద్దగా వచ్చేది. ఆ రోజు మాత్రం అందరికీ అర్థమైంది.

"మీ లొల్లి పాడుగాను! క్రిస్మస్ నాడు మీరంత తింటుంటే నేను జావ తాగుకుంట చూసిన. నాది నేనే తవ్వుకుంట. నేను సచ్చినంక చేయుండ్రి మల్ల ప్రార్థన."

పాస్టరు గారు ఒక్క క్షణం ఆమెను చూసి లేచారు. "ఇటియ్యమ్మా" అని గడ్డపార అందుకుని, సమాధుల తోటకు నడిచి తనే తవ్వారు. దవడను దవాఖానాలో కడిగి శుద్ధి చేసుకున్నారు. ఆపరేషన్ అయింది.

కొన్ని నెలలకు మళ్లీ వాళ్లింటికి వెళ్లేసరికి అత్త పీట మీద కూర్చుని మటన్ నములుతోంది. మామయ్యను కడిగేద్దామని దారంతా మాటలు పేర్చుకుని వెళ్లాను. నోరు తెరిచానో లేదో, "ముందు తిను బిడ్డా, లొల్లి తర్వాత పెడుదువు గాని" అంది. పక్కన మామయ్య తన అన్నం మరిచిపోయి, ఆమె నమలడమే చూస్తున్నాడు. ఈయన్నేనా నేను తిట్టడానికి వచ్చింది! పళ్లెం ముందు కూర్చున్నాను. టై కట్టుకుని అరిచిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంత కోపం ఇప్పుడు తెచ్చుకుందామన్నా రాదు.