వసపిట్ట ఇచ్చిన మాట

మా చెల్లెలి కూతుర్ని చిన్నప్పుడు అందరం వసపిట్ట అనేవాళ్ళం. నా కుట్టుమిషన్ పక్కన చేరి, బట్టలివ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా కూపీ లాగేది. అంత వాగుడుకాయ చివరికి మనుషుల మాటల మీదే పరిశోధనకు దిగింది. ఎవరేమనుకున్నా సరే, దాని గురించి గొప్పలు చెప్పుకునే హక్కు నాకుంది.

రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళు ఫోన్లో ఒకరికొకరు పంపుకునే వాయిస్ మెసేజ్‌ల మీద దాని పని. చదువు రాకపోయినా ఆ మెసేజ్‌లతోనే వాళ్ళంతా ఒక్కటై, పని మధ్యలో కాసేపు నడుం వాల్చడానికి ఒక గది సాధించుకున్నారు. అదెలా జరిగిందో ఇది రాస్తుందట. వాళ్ళు దీన్ని విననిచ్చింది ఒకే షరతు మీద. తమను అడగకుండా తమ గొంతు మరొకరి చెవిన పడకూడదు.

ఫెలోషిప్ వస్తే సరి, రాకపోతే పరిశోధన మానేసి ఏదో ఒక ఉద్యోగం చూసుకోవాలి. నేను కుట్టిన జాకెట్టే వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్ళింది. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చి మిషన్ పక్కన కూలబడింది.

"ఒక్క మెసేజ్ వినిపించమన్నారు పెద్దమ్మా. కుదరదన్నాను."

"డబ్బిచ్చేవాళ్ళతోనే?"

"ఆ ఆడవాళ్ళని అడగాలి కదా. ఫోన్ చేస్తే ఎత్తలేదు, పనిలో ఉన్నారు."

"నోటికాడ కూడు నేలపాలు చేసుకున్నావు. ఒకటి వినిపిస్తే వాళ్ళ గొంతేమైనా అరిగిపోతుందా?"

"మాటిచ్చాను పెద్దమ్మా," అంది. ఆ కోపంలో నేను ఎవరిదో చొక్కా చెయ్యి తిరగేసి కుట్టేశాను.

కొన్నాళ్ళకు ఇంటర్వ్యూ చేసిన పెద్దావిడే దానికి ఫోన్ చేసింది. మాట్లాడడం అయ్యాక అది నా భుజం పట్టుకుంది.

"వచ్చింది పెద్దమ్మా. 'మాకే వినిపించలేదంటే, ఆ ఆడవాళ్ళు నిన్ను నమ్మి ఇంకా చెబుతారు' అందావిడ."

"నేనప్పుడే అనుకున్నా," అన్నాను. చెల్లెలు నా వంక చూసి మూతి తిప్పింది.

ఆ ఆడవాళ్ళకు కబురు పెట్టగానే మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. ఫోన్ చెవికి ఆనించుకుని వింటూ నవ్వుతోంది, మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమంటున్నారే? నాకూ వినిపించు."

ఫోన్ గుండెకు అదుముకుంది. "ఉండు పెద్దమ్మా. వాళ్ళని అడగాలి."

దాన్ని ఎత్తుకుని పెంచిన చేతులు నావి. నాకు ఒళ్ళు మండాలి. మండలేదు, గర్వమేసింది. మిషన్ ఆపేసి, వాళ్ళు సరేననేదాకా కూర్చున్నాను.