పిన్నిగారి కుడిచేతి అల్లుడు

పిన్నికి కూతుళ్ళు లేరు. అల్లుడు మాత్రం ఉన్నాడు. ఆ అల్లుడు ఆవిడ కుడిచెయ్యి.

"నా చెయ్యి నొప్పిగా ఉంది" అని పిన్ని అనగా విన్నవాళ్ళు లేరు. "అల్లుడుగారికి ఇవాళ మనసు బాగాలేదు" అనేది. చెయ్యి తిమ్మిరెక్కితే "అల్లుడుగారు పడుకున్నారు, చప్పుడు చెయ్యకండి." వేళ్ళు చల్లబడి పాలిపోతే "అల్లుడుగారు మాట్లాడ్డం మానేశారు." బస్సెక్కి కూర్చోగానే సంచీలోంచి చిన్న దిండు తీసి మోచేతి కింద పెట్టుకునేది. పక్క సీటువాళ్ళు వింతగా చూస్తే, "మర్యాద తక్కువైతే ఊరుకోరండీ" అని సంజాయిషీ ఇచ్చుకునేది.

ఎడమచెయ్యి కోడలు. పళ్ళు తోమడం దగ్గర్నుంచి తాళం వెయ్యడం దాకా ఇంటిపనంతా కోడలిదే. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే పిన్ని ఒప్పుకునేది కాదు. "పొగిడితే చెడిపోతుంది" అనేది, అచ్చం అత్తగారి గొంతుతో.

పిన్ని పని నాటకాల థియేటరులో విగ్గులు కట్టడం. స్టేజీ వెనక, మెట్ల కింద ఆవిడ గది. గోడ పొడుగునా అరల మీద చెక్క తలకాయలు. ఒక్కదానికీ మొహం లేదు, అన్నిటికీ జుట్టుంది. జిగురు వాసన, దువ్వెనలు, వలలు, తొక్కితే కాల్లో దిగే పిన్నులు. మహారాజులూ మంత్రులూ మంత్రగత్తెలూ ఆ గదిలోకి బోడిగా వచ్చి, జుట్టుతో వెళ్ళేవారు. థియేటరులో అందరికీ ఆవిడ పిన్నే. నిజంగా పిన్ని వరసయ్యేది మాత్రం ఒక్కరికి, పక్కనే కూర్చుని పని నేర్చుకునే అక్క కూతురికి.

ఆ అమ్మాయిని అందరూ ‘సారీ’ అని పిలిచేవారు. కాలు తగిలితే కుర్చీకి సారీ చెప్పేది. తలుపు కిర్రుమంటే తలుపు తరఫున సారీ చెప్పేది. ఇదివరకు ఒక ఆఫీసులో పనిచేస్తుంటే, ఏదో పొరపాటుకి పైఅధికారి అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. ఉద్యోగం వదిలేసి వచ్చింది గాని, సారీని వదిలించుకోలేకపోయింది.

"చెయ్యి స్థిరంగా ఉండదు, మనిషీ స్థిరంగా ఉండదు" అన్నాడు డైరెక్టరు, పిన్నితో. "మీ మొహం చూసి పెట్టుకున్నాను. ఈ కొత్త నాటకం సవ్యంగా గట్టెక్కితే ఉంటుంది. ఏదైనా తేడా వస్తే పంపించేస్తాను."

"అలాగే పంపించండి" అంది పిన్ని. "అల్లుణ్ణి పెట్టుకుని నేనే నెట్టుకొస్తున్నాను. దీన్ని నెట్టుకురావడం ఎంతపని?"

అల్లుడి కథ డాక్టరు గదిలో మొదలైంది. చేతులెత్తి తలలు దువ్వీ దువ్వీ, పిన్నికి మెడ నుంచి చిటికెనవేలి దాకా కాల్చిన తీగ లాగినట్టు నొప్పి పట్టుకుంది. డాక్టరు ఓపిగ్గా బొమ్మ గీసి చెప్పింది.

"కాలర్ ఎముకకీ, మొదటి పక్కటెముకకీ మధ్య సందుంటుందమ్మా. చేతిలోకి వెళ్ళే నరాలూ రక్తనాళాలూ ఆ సందులోంచే పోవాలి. మీకది ఇరుకు. దీన్ని థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అంటారు."

"ఇంకోసారి చెప్పండి?"

డాక్టరు చెప్పింది.

"పేరులోనే తెలుస్తోంది, పెద్దింటి సంబంధమని" అంది పిన్ని. "మనింటికి వచ్చారు. ఇంక మర్యాదలు చెయ్యక తప్పుతుందా?"

మర్యాదలంటే ఇవి. చెయ్యి భుజం కంటే ఎత్తు లేపకూడదు. ఆ భుజానికి సంచీ తగిలించకూడదు. రోజూ గోడకి వీపానించి భుజాలు వెనక్కి లాగే వ్యాయామాలు చెయ్యాలి. నొప్పి తిరగబెడితే పని ఆపి, చేతికి ఆసరా ఇచ్చి, వెచ్చటి కాపడం పెట్టుకుని, భుజాలు ఎగరెయ్యకుండా పొట్టలోంచి నెమ్మదిగా ఊపిరి తియ్యాలి. నొప్పిని చిరునవ్వుతో భరించే పుణ్యాత్ముల కథలు మనకి చాలినన్ని ఉన్నాయి. వాటివల్ల నొప్పి ఉన్నవాళ్ళకి నవ్వాల్సిన బాధ అదనంగా తగులుకుంది. పిన్ని ఆ కోవలోది కాదు. వ్యాయామం చేసినంతసేపూ పక్కటెముకని తిడుతూనే ఉండేది. తిట్టడం మానేది కాదు, వ్యాయామమూ మానేది కాదు.

చేతులెత్తకుండా తల దువ్వడం ఎలా? బాబాయి బస్సు డిపోలో మెకానిక్కు. ఆయన రంపం తెచ్చి గదిలో ఉన్న కుర్చీలన్నిటికీ కాళ్ళు కోసేశాడు, పిన్ని కుర్చీకి తప్ప. అప్పట్నుంచి ఎంతటి చక్రవర్తయినా ఆవిడ ముందు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాల్సిందే.

"నేనూ మీ నాన్నగారికి అల్లుణ్ణే" అన్నాడు బాబాయి, రంపం తుడుచుకుంటూ. "నాకెవరూ ఏనాడూ దిండు వెయ్యలేదు."

"మీకు అలగడం చేతకాదు. ఆ విద్య ఉండాలి."

అయితే ఈ అల్లుడుగారు అలగడంతో ఊరుకునే రకం కాదు, చెడ్డ అల్లరివాడు కూడా. థియేటరులో ఏది పగిలినా, చిరిగినా, ఒలికినా ఆయన పనే. ముత్యాల దండ తెగిందా? "మా అల్లుడుగారు లాగారు." మంత్రి గడ్డం నలిగి చాపలా అయిందా? "మా అల్లుడుగారు దాని మీద పడ్డారు." సారీ చేరిన కొత్తలో పౌడరు డబ్బా మొత్తం నేలపాలైంది. ఆమె గుక్క తిప్పుకుని సారీ మొదలుపెట్టేలోగా పిన్ని కేకేసింది. "అయ్యో అయ్యో, చూశావా మా అల్లుడుగారి నిర్వాకం!" తన మోచెయ్యే తగిలిందని సారీకి అనుమానం. కాని పెద్దావిడ అంత గట్టిగా చెబుతుంటే కాదనలేక, పాపం ఎంత దుడుకు చెయ్యో అని జాలిపడి తుడిచేసింది.

కొత్త నాటకం మొదటి ప్రదర్శన రోజు వచ్చింది. అంతకు ముందురోజే డైరెక్టరుకి శుభ్రత మీద మోజు పుట్టి, విగ్గులన్నిటినీ గోడకి ఎత్తైన కొక్కేలకి తగిలించేయించాడు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిన్ని అది చూసి, ఎవరికోసమూ ఆగకుండా ఒక్కొక్కటే చెయ్యెత్తి దించింది. సారీ వచ్చేసరికి పిన్ని నేల మీద కూర్చుని ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది. కుడిచేతి వేళ్ళు తెల్లగా, మంచులా ఉన్నాయి. పక్కన టీ గ్లాసు పడిపోయి, టీ పారుతోంది.

"అల్లుడుగారు అలిగారే" అంది పిన్ని. గొంతు సగమే వచ్చింది.

సారీ ఆవిణ్ణి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. మోచేతి కింద దిండు పెట్టి, చెయ్యి జారకుండా మెత్తటి గుడ్డతో వదులుగా కట్టింది. బాబాయికి ఫోన్ చేస్తే, కాపడానికి వేడినీళ్ళ సంచీ పట్టుకుని డిపో బట్టల్లోనే పరిగెత్తుకొచ్చాడు. డాక్టరు ఇదివరకే ఇచ్చి ఉంచిన మాత్ర వేశారు. పిన్ని కళ్ళు మూసుకుని పొట్టలోంచి ఊపిరి తీస్తోంది. మధ్యమధ్య పక్కటెముకనీ, దాని వంశాన్నీ తిడుతోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"ఏడుస్తున్నావా పిన్నీ?"

"అల్లుడు అలిగినప్పుడు అత్తగారు ఏడవకపోతే ఏం బావుంటుందే? నా సంగతి వదిలెయ్. మహారాణి విగ్గు నువ్వే కట్టాలి."

"నేనా? నావల్ల కాదు పిన్నీ. ఏదో ఒకటి పాడుచేస్తాను."

"చెయ్యి. పాడుచేసేవాళ్ళకి కొదవా ఈ ఇంట్లో? ముందు దువ్వెన తియ్."

ఆ విగ్గు ముందువైపు అసలు జుట్టు, వెనక కొప్పు నైలాను. అసలు జుట్టుకి వేడి కడ్డీ చుడితే ఉంగరాలు తిరుగుతుంది. నైలానుకి చుడితే కరుగుతుంది. విగ్గుల గదిలో నేర్పే మొదటి పాఠమే అది. సారీకి బాగా తెలుసు. నుదుటి మీద ఉంగరాలు చక్కగానే తిప్పింది. ఇంతలో వెనక పిన్ని "అమ్మా" అంది. కడ్డీ చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగింది. "ఏమైంది పిన్నీ?" అని అడిగి, "ఏం లేదు, కానీ" అనిపించుకుని, మళ్ళీ ఇటు తిరిగేసరికి కాలిన ప్లాస్టిక్ వాసన. మహారాణి కొప్పు కుంచించుకుపోయి, కడ్డీకి అంటుకుని, ఎండిన వంకాయలా వేలాడుతోంది.

ఆ సమయానికే మహారాణి వేషం వేసే నటీమణీ, ఆమె వెనక డైరెక్టరూ లోపలికి వచ్చారు.

"ఏమిటా కంపు? ఎవరు చేశారిది?"

సారీకి ఆఫీసు గుర్తొచ్చింది. అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి. "సా..." అని మొదలుపెట్టింది.

"ఇంకెవరు? మా అల్లుడుగారు" అంది పిన్ని.

డైరెక్టరు దిండు మీద గుడ్డకట్టుతో పడి ఉన్న చేతిని చూశాడు. "ఏమండీ, కట్టుకట్టిన చెయ్యి కడ్డీ ఎలా పట్టుకుందండీ?"

"ఇందాక లేచారు. లేచి ఈ ఘనకార్యం చేశారు. చేశారు గనకే ఇప్పుడిలా పడున్నారు."

"పిన్నిగారూ, నేనేమైనా చిన్నపిల్లాణ్ణా? చెప్పేదానికి..."

"పోయిన నాటకంలో మంత్రి గడ్డం మీద పడ్డది కూడా మా అల్లుడుగారే కదా" అంది పిన్ని, మెత్తగా. "అప్పుడు నమ్మారుగా?"

డైరెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఆ గడ్డం మీద కూర్చున్నది ఎవరో, ఎంతసేపు కూర్చున్నారో, ఆయనకి తెలిసినట్టు మరెవరికీ తెలియదు. నటీమణి మెళ్ళో ముత్యాల దండని వేళ్ళతో తడుముకుని గోడవైపు చూసింది. వేడినీళ్ళ సంచీ పట్టుకున్న బాబాయి గొంతు సవరించుకుని, "అంటే మనింట్లో ఆ పింగాణీ గిన్నె పగిలినప్పుడు కూడా..." అని ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ ఎవరికివాళ్ళు ఆ అల్లుడు తమ ఒక్కరినే కాపాడుతున్నాడనుకున్నారు. ఇప్పుడు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సారీకి పౌడరు డబ్బా గుర్తొచ్చింది. ఈ తప్పులన్నీ ఆ ఒక్క చెయ్యే చేసి ఉంటే, దానికి ఎన్ని నొప్పులొచ్చినా తక్కువే.

"కాదండీ" అంది సారీ. "నేనే కాల్చాను. కొప్పు కత్తిరించేసి సవరం కుడతాను. తెర లేచేలోగా అయిపోతుంది."

గదిలో ఎవరూ గమనించలేదు గాని, ఆ అమ్మాయి ఆ మాటల్లో ఎక్కడా సారీ చెప్పలేదు.

"అయితే నిలబడి చూస్తారేం?" అన్నాడు డైరెక్టరు, మిగతావాళ్ళ మీద ఎగిరి. "కత్తెర ఇవ్వండి ఆ అమ్మాయికి!"

మంత్రగత్తె పాత విగ్గులోంచి సవరం పీకి సారీ కుట్టింది. పిన్ని ఎడమచేత్తో పిన్నులందిస్తూ, "కోడలా, త్వరగా. నిన్ను పొగడను, ఆశ పెట్టుకోకు" అంటూ కూర్చుంది. తెర లేచింది. మహారాణి కొప్పు ఆమె సింహాసనం కంటే హుందాగా ఉంది. సభలో ఎవరో "అబ్బ, ఏం జుట్టు!" అన్నారు కూడా.

తర్వాతి అంకంలో మాత్రం సభంతా గొల్లున నవ్వింది. మహారాజు దుఃఖంతో కొడుకుని తలుచుకునే ఘట్టం. ఆయన గడ్డం తలకిందులుగా ఉంది. కొసలన్నీ ముక్కులోకి పోయి, శోకానికి బదులు తుమ్ములొచ్చాయి. మాత్ర మత్తులో తూగుతూ, కోడలి చేత్తో ఆ గడ్డం అంటించింది పిన్నే.

నాటకం అవగానే డైరెక్టరు ఊడిపడ్డాడు. "ఆ గడ్డం ఎవరి పని? ఎవరు అంటించారు?"

పిన్ని గుడ్డకట్టులో ఉన్న చేతివంక చూసింది. అల్లుడుగారు ఈసారి నిజంగానే మంచి నిద్రలో ఉన్నారు. పొద్దున్న వాడేసిన సాకు మళ్ళీ నడవదు.

సారీ తన కుడిచెయ్యి పైకెత్తింది.

"ఇదండీ చేసింది. మా ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు. ఇంకా పద్ధతులు తెలీవు."

డైరెక్టరు ఆ చేతిని చూశాడు. పిన్నిని చూశాడు. మంత్రి గడ్డం తగిలించి ఉన్న వైపు మాత్రం చూడలేదు.

"మీ ఇంట్లో చుట్టాలు ఎక్కువైపోయారమ్మా" అని గొణిగాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "రేపు పెందరాళే రా. ఆ కొక్కేలు కిందికి దింపించాలి."

తలుపు పడింది. పిన్ని తన మోచేతి కింద దిండు కొంచెం పక్కకి జరిపింది.

"ఇలా వచ్చి కూచో. కోడలిక్కూడా కాస్త చోటుంది."