గౌరమ్మత్తతో సగపాలు సేద్యం

బర్మాలోని సంచౌంగ్‌లో నేను పనిచేసే ఆఫీసు ముందు అప్పుడప్పుడు మిషన్‌తో గడ్డి కోస్తారు. ఆ పచ్చి వాసన మేడ మీది కిటికీ దాకా వస్తుంది. పక్క సీటు వాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. నాకు మాత్రం గౌరమ్మత్త గుర్తొచ్చి కాసేపు పని సాగదు.

తాకేటాలో మేము అద్దెకున్న ఇల్లు ఆవిడది. చుట్టరికమేమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో రేవు పనికి వచ్చిన కుటుంబాలు మావి రెండూ, అత్తా అని పిలవడానికి అది చాలు. వీధిలోని బర్మా వాళ్లకు ఆవిడ డా గౌరీ; పెద్దావిడల పేరుకు ముందు 'డా' అనడం వాళ్ల మర్యాద. ఆవిడ భర్త పోర్టులో గుమాస్తా. ఆఫీసర్ల బంగళాల ముందు చూసిన పచ్చిక లాంటిదే తన ఇంటి ముందూ వేయించుకున్నాడు. చెప్పులతో దాని మీద కాలు పెడితే ఎవరినైనా ఉతికి ఆరేసేవాడట. ఆయన పోయాక కూడా అత్త రోజూ దానికి నీళ్లు పట్టేది. మార్కెట్లో కూరల ధరలు మండిపోతుంటే ఈ గడ్డికి సేవలేమిటని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

ఒక ఏడాది లైంగ్‌థార్యార్‌లో మా ఆయన పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడింది. వెనక రెండు గదుల్లో మేమిద్దరం, మా పాప. పౌరుషానికి నాకేం తక్కువ లేదు. అత్త కూర గిన్నె పట్టుకొస్తే వండేశానని గుమ్మంలోంచే పంపేసేదాన్ని. పాపకు గంజి పోసి, మేము టీతో సరిపెట్టుకున్న పూటలున్నాయి. ఒకరి ముందు చేయి చాచడం కన్నా అదే నయమనిపించేది. ఒక సాయంత్రం అత్త సూటిగా అడిగింది.

"ఏటే, మీ వంటింట్లోంచి పోపు వాసన రావట్లేదు. ఏటి వొండతన్నావు?"

"పప్పత్తా."

"పోపెట్టని పప్పా?" అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే గునపం చప్పుడుకు బయటికి పరుగెత్తాను. అత్త చీర ఎగదోపి పచ్చిక తవ్వుతోంది. పక్కింటి డా ఖిన్ గోడ మీంచి చూస్తూ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మావయ్య గడ్డి కదత్తా!"

"అయితే ఏటి, వొండుకు తింతామా? పార అందుకో. ఊళ్లో మన పెద్దోళ్లు సేసినట్టే సగపాలు. పంటలో సగం నీది, సగం నాది. ఉట్టినే ఇత్తాననుకోకు, నడుం వొంగాల."

కూర ఇస్తే వద్దనగలను. పనికి రమ్మంటే ఏమని వద్దంటాను? పార అందుకున్నాను.

గడ్డిని ముక్కలుగా కోసి, కుళ్లి ఎరువవుతుందని, వేళ్లు పైకి వచ్చేలా తిరగేసి ఒక మూల పేర్చాం. కుళాయి దగ్గరికి వచ్చేసరికి అత్త ఆగిపోయింది. సాయంత్రాలు మావయ్య కుర్చీ వేసుకునే చోటు అది. "ఇక్కడ నువ్వు తవ్వమ్మా, నాకు సెయ్యాడదు," అని గునపం నా చేతిలో పెట్టి మొహం అటు తిప్పుకుంది. ఆ పచ్చిక ఎవరి కోసం పోతోందో అప్పుడు అర్థమైంది. ఏడుస్తూనే తవ్వాను.

బెండ, మిరప, తూటికూర వేశాం. గోంగూర బర్మా వాళ్లకూ ప్రాణమే కాబట్టి విత్తనాలు డా ఖిన్ ఇచ్చింది. కోసిన రోజు కుప్పలు పెట్టడం నా వంతు, ఎంచుకోవడం అత్త వంతు. ఎంత సమానంగా పెట్టినా కళ్లజోడు సవరించుకుని మరీ చిన్న కుప్ప వెతికి తీసుకునేది. ఇదేం న్యాయమంటే, "ఇల్లు నాదా, నీదా?" అని దబాయించేది. మా ఆయనకు మళ్లీ పని దొరికేదాకా ఆ మడులే మమ్మల్ని గట్టెక్కించాయి.

తర్వాత కొన్నాళ్లకు అత్త మంచం పట్టింది. ఎవరేం తెచ్చినా ఆకలి లేదని మొహం తిప్పేసుకునేది. ఒకరి చేత తినిపించుకోవడం ఆవిడకు నామోషీ. నేను గోంగూర పప్పు పట్టుకెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఆకలి లేదే."

"ఆకలికి కాదత్తా. ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలీటం లేదు. ఒక్క ముద్ద తిని సెప్పు."

"దొంగముండా, నా కాడే నేర్సినావు కదే ఇది!" అని నవ్వి నోరు తెరిచింది. ఒక్కో ముద్దకూ ఉప్పు సంగతి తేల్చలేనంటూ గిన్నె ఖాళీ చేసింది.

ఆ వానాకాలంలోనే పోయింది. ఇప్పుడు నేను ఎవరింటికైనా కూర పట్టుకెళ్తే వాళ్ల గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగుతాను, ఏమని ఇస్తే వాళ్ల తల వంగకుండా ఉంటుందా అని.